నూనె తెట్టు ఏ సందున వస్తుంది

ఏప్రిల్ మొదలు జూన్ ఆఖరు దాకా ఓడ్నీ ఒంటి మీద ఒకే బూడిదరంగు స్వెట్టరు, ఒకే గోధుమరంగు పావడా ఉంటాయి. రాత్రి ఉతికి, పొయ్యి పక్కన ఆరేసి, పొద్దున మళ్ళీ అవే తొడుక్కుంటుంది. ఈడర్ బాతులు మనిషి మొహం గుర్తుపడతాయో లేదో ఆమెకు తెలియదు. రంగు మారితే మాత్రం పసిగడతాయి. గూట్లో పొదుగుతున్న పెట్ట ఒక్కసారి బెదిరి లేచిందంటే గుడ్ల మీద రెట్ట వేసి ఎగిరిపోతుంది. ఆ ఏడు మళ్ళీ ఆ గూటి మొహం చూడదు.

తెర్నోయ్ లంక చుట్టి రావడానికి అరగంట చాలు. పడమట అంతా సముద్రమే. ఉత్తరాన పెద్ద సందు, అందులో సాల్మన్ చేపల పెంపకం. దక్షిణాన లంకకీ ఒక బోడి రాతిదిబ్బకీ మధ్య ఇరుకు సందు. తూర్పున మాత్రం సముద్రం లోపలికి వంగి, గాలి తగలని చిన్న వంపు చేసింది. ఆ వంపు గట్టు పొడుగునా రాళ్ళతో, పాత పడవ చెక్కలతో కట్టిన గూళ్ళు నూట అరవై దాకా ఉన్నాయి. చలికాలమంతా వాటికి మరమ్మతులు చెయ్యడం, ఎండిన నాచు పరవడం, వసంతంలో బాతులు రాగానే కాకుల్నీ నీటికుక్కల్నీ తరమడం, పిల్లలు వెళ్ళిపోయాక పెట్టలు రొమ్ము నుంచి పీకి గూట్లో పరుచుకున్న నూగు ఏరి పరుపులకి అమ్ముకోవడం, ఇదీ ఆ లంక బతుకు. బాతులు ఎవరి సొత్తూ కావు. సముద్రం నుంచి వస్తాయి, సముద్రంలోకి పోతాయి.

ఇరవై ఒకటో ఏట ఐవిన్‌ను పెళ్ళి చేసుకుని ఓడ్నీ ఈ లంకకి వచ్చింది. మొదటి రెండేళ్ళు అత్తగారు నేర్పింది ఒకటే: గట్టిగా మాట్లాడకు, పరిగెత్తకు, తలుపు దబాలున వెయ్యకు. అత్తగారి కొడుకు మాత్రం ఆ పాఠం నేర్చుకోలేదు. ఐవిన్ తుమ్మాడంటే అటు గట్టు మీద బాతు ఇటు గట్టుకి పోతుంది. అందుకని పొదిగే రోజుల్లో అతనికి తూర్పు వంపు వైపు ప్రవేశం లేదు. పడమటి గట్టున పడవల పాకలో గూళ్ళకి చెక్కలు కోసుకుంటూ, వంట చేసుకుంటూ, నలభై ఏళ్ళుగా అదే శిక్ష అనుభవిస్తున్నాడు.

ఆ ఏడు నూట ముప్పై ఏడు గూళ్ళు నిండాయి. ఓడ్నీకి అరవై రెండు నిండాయి. జూన్ మూడో తారీకు, మంగళవారం పొద్దున, మరిది అర్విడ్ ఫోన్ చేశాడు. పక్క లంకలో ఉంటాడు, చేపలు పడతాడు.

"నిన్న రాత్రి ఒక సరుకు ఓడ రాయెక్కి కూచుంది వదినా, మునగలేదు. కాని కింద కడుపు చిరిగింది," అన్నాడు. "ఇంజనుకి పోసే నల్ల నూనె, మందపాటి రకం. నేను వలలన్నీ ఎత్తేశాను. నీ బాతులో?"

"కూచునే ఉన్నాయి."

"పిల్లలెప్పుడు?"

"గురువారానికి మొదలవుతాయి."

 తర్వాతి సంగతి ఇద్దరికీ తెలుసు. పిల్ల గుడ్డు పగలగొట్టుకు వచ్చి ఒళ్ళారితే చాలు, తల్లి దాన్ని తీసుకుని నీళ్ళ వైపు బయల్దేరుతుంది. ఒక్క రోజు కూడా ఆగదు. నీళ్ళలో ఏముందో చూసుకోదు. నూట ముప్పై ఏడు తల్లులు, ఒక్కోదాని వెనక నాలుగైదు పిల్లలు, అన్నీ ఆ తూర్పు వంపులోకే దిగుతాయి.

"ఎంత దూరంలో ఉంది ఓడ?"

"పడమట, పద్దెనిమిది కిలోమీటర్లు. గాలి నైరుతి నుంచి. నీకు చెప్పాలా."

ఆ సాయంత్రానికి వాసన వచ్చింది. ముందు ఐవిన్‌కి తెలిసింది. చెక్క చిత్రిక పడుతున్నవాడు ఆపి, తల ఎత్తి, "తారు డబ్బా మూత తీశావా?" అని అడిగాడు. ఓడ్నీ జవాబు చెప్పకుండా పడమట సముద్రంలోకి పొడుచుకొచ్చిన ముక్కు మీదికి వెళ్ళి నిలబడింది. సముద్రం మామూలుగానే ఉంది. అది చూసే ఆమెకు భయం వేసింది.

మర్నాడు పొద్దున్నే అర్విడ్ పడవలో తుర్‌గేర్ వచ్చాడు. ఏడెనిమిది ఊళ్ళకి కలిపి ఉన్న కాలుష్య నివారణ దళానికి నాయకుడు, నలభై ఏళ్ళవాడు. రెండు రాత్రులుగా నిద్ర లేదని కళ్ళే చెబుతున్నాయి. ఒడ్డుకి మూడు వందల మీటర్ల దూరంలో అర్విడ్ ఇంజను ఆపేసి తెడ్లు అందుకున్నాడు. తుర్‌గేర్ దిగీ దిగకముందే ఓడ్నీ ఎదురెళ్ళింది.

"ముందు ఆ నారింజరంగు విప్పెయ్ బాబూ."

"ఏంటండీ?"

"ఆ డ్రస్సు. ఇదిగో మా ఆయన కోటు. మాటలు తర్వాత."

ఐవిన్ కోటు అతనికి పొట్టి. చేతులు మోచేతుల దాకా బయటే ఉన్నాయి. అర్విడ్ నవ్వు ఆపుకోలేక పడవలోకి వంగి ఏదో వెతుకుతున్నట్టు నటించాడు.

వంటింట్లో కాఫీ గ్లాసుల మధ్య తుర్‌గేర్ కంప్యూటర్ తెరిచాడు. తెర మీద నీలం సముద్రం, అందులో నూనె ఎర్రటి మరక. గంట గంటకీ అది సాగుతోంది, కొసలు పలచబడుతున్నాయి, ఈశాన్యానికి వంగుతోంది.

"నడి సముద్రంలో ఉన్నంతసేపు కొంత ఆవిరైపోతుంది, కొంత అలలు నలిపేస్తాయి," అన్నాడతను. "మిగిలింది నీళ్ళు తాగి ఉబ్బుతుంది. మీగడలాగా అవుతుంది, గోధుమరంగులో. అది తొందరగా పోదు. గాలి వంద అడుగులు వేస్తే నూనె మూడడుగులు వేస్తుంది. తక్కిన నడకంతా నీటి వాలుది. రెండూ కలిపి లెక్కేస్తే రేపు మధ్యాహ్నం పోటుకి పెద్ద సందులోకి వస్తుంది. నూనెని ఆపడానికి నీళ్ళ మీద తేలే కంచె నా దగ్గర నాలుగు వందల మీటర్లుంది. పెద్ద సందు మొదట్లో వేస్తున్నాం."

"ఇందులో మా లంక ఏది?" అంది ఓడ్నీ.

తుర్‌గేర్ వేలు తెర మీద అటూ ఇటూ తిరిగింది. "ఈ గడిలో ఉండాలి. ఒక్కో గడీ ఎనిమిది వందల మీటర్లు. అంతకన్నా చిన్నవి ఇందులో తేలవు."

"అంటే మనం లేం," అన్నాడు ఐవిన్. "నలభై ఏళ్ళ నించీ ఈమె నన్ను లేనట్టే చూస్తోంది, ఇప్పుడు గవర్నమెంటు కూడా ఒప్పుకుంది."

ఎవరూ నవ్వలేదు. ఓడ్నీ కాఫీ గ్లాసు పక్కకి జరిపి బల్ల మీద వేలితో లంక గీసింది.

"పెద్ద సందులోకి వస్తుంది, సరే. అక్కడితో ఆగదు. ఈ ఉత్తరపు కొస చుట్టూ తిరిగి వెనక్కి వస్తుంది. లంక చాటున నీళ్ళు గుండ్రంగా తిరుగుతాయి బాబూ. తేలేది ఏదైనా అక్కడ చిక్కాల్సిందే. పెళ్ళయిన ఏడు నించీ గూళ్ళకి నాచు నేనక్కడే ఏరుకుంటున్నాను. నీ కంచెలో సగం ఆ కొస దగ్గర వెయ్యి."

"సగం ఇస్తే పెద్ద సందు మూతపడదు. పైగా నాచు నీళ్ళలో సగం మునిగి కదులుతుంది. దాన్ని నడిపేది నీరు. నూనె పైపైన పోతుంది, దాన్ని గాలి కూడా తోస్తుంది. రెంటికీ దారి ఒకటే అని చెప్పలేం ఓడ్నీ గారూ."

 అతను చెప్పింది అబద్ధం కాదు. కిటికీలోంచి చూస్తే పడమటి ముక్కు మీద గడ్డి ఒక్క వైపుకే వాలి ఉంది. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి, అటక మీది బస్తాలు. నూగు శుభ్రం చేసినప్పుడు రాలే పొట్టు, ఎండిన నాచు తుక్కు, పుల్లలు. పైరుకి ఎరువని ఐవిన్ దాస్తాడు. దూది కన్నా తేలిక. నీళ్ళ మీద పోస్తే మునగదు, పైనే పరుచుకుంటుంది.

"పోటు మొదలయ్యేది పన్నెండింటికి," అంది. "మూడు బస్తాల పొట్టు ఉంది. పడమటి ముక్కు దగ్గర పోస్తాను. నువ్వు గూళ్ళ వెనకనున్న గుట్టెక్కి చూడు. అది ఎటు పోతే నీ నూనె అటు పోతుంది. ఒప్పుకుంటావా?"

తుర్‌గేర్ గడియారం చూసుకున్నాడు. "ఒక్క గంట," అన్నాడు.

పన్నెండు దాటి పది నిమిషాలకి ఓడ్నీ బస్తాలు విప్పింది. పొట్టు ముందు గుండ్రంగా, దుప్పటిలా పరుచుకుంది. కాసేపటికి గాలి దాన్ని పట్టీలు పట్టీలుగా చీల్చింది. పొడుగాటి గీతలు, మధ్యలో ఖాళీ నీళ్ళు. అవి ఉత్తరం వైపు కదిలాయి. ఓడ్నీ ఊపిరి వదిలింది. తను చెప్పినట్టే. ఉత్తరపు కొసన ఐవిన్ ఎదురు చూస్తున్నాడు.

అంతలో గుట్ట మీంచి తుర్‌గేర్ చెయ్యి ఊపాడు. ఉత్తరానికి కాదు. దక్షిణానికి.

ఆమె పరిగెత్తకూడదన్న సంగతి మర్చిపోయి నాలుగడుగులు పరిగెత్తి, ఆగి, గబగబా నడిచింది. దక్షిణపు గట్టు మీదికి వచ్చి చూసింది. పట్టీల్లో మూడింట ఒకటి వెనక్కి మళ్ళింది. ఇరుకు సందు ముందర తెల్లటి నురుగు గీత ఒకటి తాడు లాగినట్టు ఉంది. పొట్టంతా ఆ గీత దగ్గర చేరి, దాని వెంటే సందులోకి జారుతోంది. మనిషి నడక కన్నా వేగం. ఇరవై నిమిషాల్లో మొదటి పుల్లలు తూర్పు వంపులో, గూళ్ళ కింద, బాతులు నీళ్ళు తాగే చోట తేలాయి.

ఉత్తరపు కొస నుంచి ఐవిన్ కుంటుకుంటూ వచ్చాడు. "సందులోకి పోయినవి పోయాయి, కొస తిరిగి నా వైపు ఒక్క పుల్ల కూడా రాలేదు," అన్నాడు. "నిద్ర పట్టింది."

 ఓడ్నీ పెద్ద సందు వైపు చూసింది. అవతలి ఒడ్డు నుంచి సందు మధ్య దాకా రాళ్ళు పోసి కట్టిన గట్టు కనిపిస్తోంది. రెండేళ్ళ కిందట చేపల పెంపకం వాళ్ళ పడవల కోసం కట్టారు. సందు ఇరుకైంది. పట్టని నీళ్ళు ఎటు పోవాలి? ఇటే. ఆ రెండేళ్ళుగా ఉత్తరపు కొసన నాచు తగ్గింది, దక్షిణాన ఎక్కువ పడుతోంది. ప్రతి శరత్కాలం ఆమె విసుక్కుంది, తుపాన్లని తిట్టింది, బుట్ట పట్టుకుని దక్షిణానికే నడిచింది. ఎందుకని ఒక్కసారి ఆలోచించలేదు.

"నేను చెప్పింది తప్పు బాబూ," అంది తుర్‌గేర్‌తో. "కొసన కంచె వేసుంటే ఊరికే పోయేది."

"నా బొమ్మలో ఈ సందే లేదు," అన్నాడతను. ఫోన్ తీసి రెండుసార్లు ఎవరితోనో మాట్లాడాడు. రెండోసారి గొంతు పెరిగింది, ఓడ్నీ కళ్ళెర్రజేస్తే తగ్గించాడు. "పైవాళ్ళు పెద్ద కంచె కదల్చనివ్వరు. అటు వచ్చేది మూడింట రెండొంతులు, కాదనలేను. నా దగ్గర పాతది అరవై మీటర్లుంది. నలుగురు మనుషుల్ని ఇస్తాను."

"సందు ఎనభై మీటర్లు," అన్నాడు అర్విడ్. "అడ్డంగా వేస్తే ఎనభై. కాని అడ్డంగా వెయ్యకూడదు. ఆ నీటి వేగానికి నూనె కంచె కింద నించి దూరిపోతుంది, వల మునిగిపోయినట్టు. ఏటవాలుగా వెయ్యాలి. సాల్మన్‌ని దారి మళ్ళించే వల ఉందే, అలాగ. నూనెని ఆపొద్దు, పక్కకి నడిపించాలి. ఇదిగో, ఈ రాళ్ళ మూలకి. ఇక్కడ నీళ్ళు నిలిచే ఉంటాయి. ఇక్కడ చేరితే పారలతో ఎత్తుకోవచ్చు. దానికి నూట యాభై మీటర్లు కావాలి."

"తొంభై తక్కువ," అన్నాడు తుర్‌గేర్.

"నాన్న హెర్రింగ్ చేపల వలలు పాకలో బూజు పట్టి ఉన్నాయి," అన్నాడు ఐవిన్. "వాటిలో గడ్డి కూరితే?"

"గడ్డి తడిసి మునుగుతుంది," అన్నాడు తుర్‌గేర్.

"ఒక్క రోజు తేలుతుందా?"

"ఒక్క రోజు తేలుతుంది."

ఆ సాయంత్రం నుంచి పని మొదలైంది. అంత ఉత్తరాన జూన్ నెలలో సూర్యుడు దిగడు, చీకటి బాధ లేదు. నలుగురు మనుషులు తెడ్ల పడవలో వచ్చారు. ఓడ్నీ వాళ్ళని ఒక్కొక్కరినే ఆపి ఐవిన్ పాత స్వెట్టర్లు తొడిగింది. ఒకడికి చాలక అత్తగారి ఊలు శాలువా కప్పింది. దక్షిణపు గట్టుకి దగ్గర్లో ఉన్న గూడు వంద అడుగుల దూరం కూడా లేదు. ఇంజను వద్దంది. సుత్తి వద్దంది. రాళ్ళకి తాళ్ళు కట్టి ముడులే వేశారు. ఎవరికైనా చెప్పాల్సిందుంటే దగ్గరికి నడిచి వెళ్ళి చెవిలో చెప్పడమే. గడ్డి కూరిన వల పెద్ద పాములా గట్టు మీద పొడుగ్గా పడుంది. శాలువా కప్పుకున్నవాడు అర్విడ్‌తో గుసగుసగా, "మా ఆవిడ పురుడప్పుడు కూడా ఇంత నిశ్శబ్దంగా ఉండలేదు నేను," అన్నాడు.

గురువారం పొద్దున గూళ్ళ మీదుగా నడుస్తూ ఓడ్నీ ఆగింది. ఇరవై రెండో గూట్లోంచి సన్నటి కీచు వినిపించింది. పెట్ట కదల్లేదు. గుడ్డు లోపలి నుంచే పిల్ల అరుస్తోంది. ముప్పై ఒకటో గూట్లో అదే. నలభైలో రెండు.  ఆమె వెనక్కి వచ్చి ఐవిన్‌తో, "రేపు దిగుతాయి," అంది అంతే.

మధ్యాహ్నం రెండు గంటలకి నూనె తెట్టు వచ్చింది.

ముందు మెరుపు. నీళ్ళ మీద వానవిల్లు రంగులు, అలల నురగ కూడా చచ్చిపోయి నున్నగా ఉంది. దాని వెనక గోధుమరంగు పట్టీలు, గాలి వాలుకి నిలువుగా, నిన్న పొట్టు ఎలా చీలిందో అలాగే. చాలావరకు పెద్ద సందు వైపు పోయాయి. కొన్ని మళ్ళాయి. నురుగు గీత దగ్గరకి వచ్చి గుమికూడి, మందమై, సందులోకి తల పెట్టాయి. అర్విడ్ పడవలో నిలబడి పొడుగాటి కర్రతో గడ్డి వలని నీటి మీదికి ఎత్తిపట్టాడు. తెట్టు వల అంచుకి తగిలింది. ఒక్క క్షణం అక్కడే పొంగింది. తర్వాత మెల్లిగా, అంచు వెంట పాకుతూ, పక్కకి జరిగింది.

"పోతోంది," అన్నాడు తుర్‌గేర్ ఊపిరి బిగబట్టి. "పోతోంది, పోతోంది."

రాళ్ళ మూలలో నలుగురూ మోకాళ్ళ లోతులో నిలబడి పారలతో ఎత్తారు. బకెట్లు, టబ్బులు, చేపల పెట్టెలు, ఏది దొరికితే అది. నూనె బురద కన్నా బరువు. వాసనకి ఒకడు గట్టెక్కి వాంతి చేసుకున్నాడు, శబ్దం రాకుండా మోచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని. సాయంత్రం ఏడింటికి పోటు ఆగేదాకా ఎవరూ కూచోలేదు. తూర్పు వంపులో మెరుపు తప్ప మరేం చేరలేదు. ఐవిన్ మేకపాల చీజ్ కోసి రొట్టెల మీద పెట్టి అందరికీ పంచాడు. చేతులు కడుక్కోవడానికి సబ్బు చాలక రొట్టెలు అతనే నోటికి అందించాడు.

శుక్రవారం గాలి మారింది.

పొద్దున్నే ఓడ్నీకి తెలిసింది, పొయ్యి గొట్టంలో రొద మారడంతో. పడమటి గాలి, బలంగా. సందులో చిన్న చిన్న అలలు లేచాయి. గడ్డి తడిసి వల బరువెక్కింది. తెట్టు తక్కువే వస్తోంది కాని, అల వచ్చినప్పుడల్లా వల మీంచి దూకుతోంది. చెయ్యంత పట్టీలు, అరచేయంత ముద్దలు. అవి వంపులోకి వచ్చి, నీళ్ళు గుండ్రంగా తిరిగే చోట చిక్కి, అక్కడక్కడే తిరుగుతున్నాయి. పోవడానికి దారి లేదు వాటికి.

ఓడ్నీ గట్టు మీద నిలబడి ఉండగా ఇరవై రెండో గూట్లోంచి పెట్ట బయటికొచ్చింది. వెనక నాలుగు నల్లటి పిల్లలు, పడుతూ లేస్తూ. పెట్ట తల ఎత్తి ఒకసారి గాలి చూసింది. నీళ్ళ వైపు బయల్దేరింది.

నలభై ఏళ్ళలో ఓడ్నీ ఏ బాతుకీ అడ్డం నిలబడలేదు. అత్తగారు చెప్పిన మొదటి మాటే అది. దారి ఇవ్వు, పక్కకి తప్పుకో, ఊపిరి కూడా మెల్లిగా తీసుకో.  పెట్ట పది అడుగుల దూరంలో ఉంది. ఐదు. ఓడ్నీ వంగి, పావడా అంచు పైకి మడిచి ఒడి చేసి, నాలుగు పిల్లల్నీ అందులోకి తీసుకుంది.

పెట్ట రెక్కలు విప్పి బుస కొట్టింది. ఎగిరిపోతుందనుకుంది ఓడ్నీ. పిల్లలు ఒడిలో కీచుకీచుమన్నాయి. ఆ అరుపుకి పెట్ట ఆగింది.

"రా," అంది ఓడ్నీ మెల్లిగా. "ఇటు రా అమ్మా. రా."

వెనక్కి నడిచింది. పెట్ట వైపే మొహం పెట్టి, ఒక్కో అడుగూ తడుముకుంటూ, గుట్ట మీదికి. పిల్లల్ని కనపడేలా ఒడి కొద్దిగా వంచింది. పెట్ట కాసేపు అక్కడే తిరిగి, ఊగుతూ ఊగుతూ వెంటబడింది. గుట్ట దాటితే పెద్ద సందు. తుర్‌గేర్ పెద్ద కంచెకి లోపలి వైపు ఉత్తరపు కొస కింద నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి. మూడు వందల అడుగులు. ఆ మూడు వందల అడుగుల్లో పెట్ట రెండుసార్లు ఆగి వెనక్కి చూసింది. రెండుసార్లూ ఓడ్నీ తనూ ఆగి, ఒడి ఇంకాస్త వంచి చూపింది. నీటి అంచున ఒడి దించగానే పిల్లలు దొర్లుకుంటూ పోయాయి, తల్లి వాటి మీంచే దూకి ముందుకి ఈదింది. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

ఆమె తిరిగి గుట్టెక్కేసరికి ఐవిన్ అక్కడ నిలబడి ఉన్నాడు. రాకూడని చోట. నోటికి గుడ్డ కట్టుకున్నాడు, మాట రాకుండా. చేతిలో బుట్ట ఉంది. కిందకి చూపించాడు. మరో మూడు గూళ్ళలోంచి పెట్టలు బయటికొస్తున్నాయి.

ఆ రోజు, మర్నాడు, ఆదివారం మధ్యాహ్నం దాకా ఇద్దరూ గుట్టకి ఇటూ అటూ తిరిగారు. ఆమె ఒడిలో, అతను బుట్టలో. అర్విడ్ వంపులోకి రెండు చిన్న పడవలు దించి ముద్దల్ని తెడ్డుతో ఏరించాడు. పెట్టలన్నీ వెంటరాలేదు. కొన్ని బెదిరి ఎగిరిపోయి, గంటకో రెండు గంటలకో తిరిగి వచ్చి పిల్లల కోసం అరిచాయి. అలాంటి పిల్లల్ని ఓడ్నీ వేరే తల్లుల వెనక వదిలింది. ఒకటి రెండు తల్లులు పొడిచాయి, కొన్ని కలుపుకున్నాయి. పదకొండు తల్లులు ఆమె చూడనప్పుడు వంపులోకే దిగాయి. వాటిలో ఆరింటిని, పిల్లలతో సహా, అర్విడ్ నీళ్ళలోంచి ఏరాడు. రెక్కలు ఒళ్ళుకి అంటుకుపోయి, ముక్కుతో ఈకలు దువ్వుకోవడానికి చూస్తూనే ఉన్నాయి. దువ్వుకున్న కొద్దీ నూనె కడుపులోకి పోతుందని తుర్‌గేర్ మెల్లిగా చెప్పాడు. బతికున్న మూడింటిని పట్నంలో కడిగించడానికి తీసుకెళ్ళారు. ఒకటి బతికింది.

ఆదివారం సాయంత్రం తుర్‌గేర్ వెళ్ళేముందు ఐవిన్ కోటు విప్పి మడిచి బల్ల మీద పెట్టాడు. కూచోమంటే కూచోలేదు.

"ఓడ్నీ గారూ, ఒక్క సాయం. ఈ సందులన్నిట్లో నీళ్ళు ఎటెటు పోతాయో కాగితం మీద గీసిస్తారా? మీవే కాదు, చుట్టుపక్కల లంకలవీ."

"నేను తప్పు చెప్పానుగా."

"చెప్పారు. పరీక్ష పెట్టిందీ మీరేగా."

ఆమె ఒప్పుకుంది కాని వెంటనే గియ్యలేదు. ముందు అర్విడ్‌నీ, ఇంకా నలుగురు చేపలవాళ్ళనీ కూచోబెట్టుకుని అడిగింది. ఇద్దరు మాట్లాడుకుంటే మూడు రకాల దారులు వచ్చాయి. శరత్కాలమంతా పొట్టు బస్తాలు, చెక్క ముక్కలు పట్టుకుని ఒక్కో సందు దగ్గరా పోసి చూశారు, పోటుకి ఒకసారి, నీళ్ళు వెనక్కి పోయే పాటుకి ఒకసారి, ఏ గాలికి ఎటో. డిసెంబరులో పదిహేడు కాగితాలు పోస్టులో పంపింది. ప్రతి కాగితం కింద తారీకు వేసి, 'ఇది మారచ్చు' అని రాసింది.

ఆ చలికాలం ఆమె సరిగా నిద్రపోలేదు. గూళ్ళలో కొత్త నాచు పరుస్తూ ఉంటే చేతులు మధ్యలో ఆగిపోయేవి. అడ్డం నిలబడ్డాను, పిల్లల్ని ముట్టుకున్నాను, ఇంక ఎందుకొస్తాయి అనేది. ఐవిన్ మొదట్లో ఓదార్చాడు. తర్వాత ఓదార్చడం మానేసి పక్కన కూచుని నాచు అందించేవాడు.

ఏప్రిల్ పద్నాలుగున వంపు బయట మొదటి గుంపు కనపడింది. తెల్ల మగవి, గోధుమరంగు ఆడవి, ఒక ముప్పై దాకా. నాలుగు రోజులు నీళ్ళ మీదే ఉన్నాయి. ఒడ్డు ఎక్కలేదు. ఐదో రోజు పొద్దున ఒక జంట గట్టెక్కి, రెండు గూళ్ళలోకి తల పెట్టి చూసి, మూడో దాంట్లో కూచుంది. మే నెల మధ్యకి ఎనభై తొమ్మిది గూళ్ళు నిండాయి. వంపులో దక్షిణపు గట్టు వైపున్న గూళ్ళు ఒక్కటి కూడా నిండలేదు. అక్కడి రాళ్ళ మూల ఇంకా నల్లగానే ఉంది. ఎండ కాసిన రోజున వాసన వేస్తుంది.

అర్విడ్ ఫోన్ చేసి, "ఎన్ని వదినా?" అని అడిగాడు.

"ఎనభై తొమ్మిది."

"నలభై ఎనిమిది తక్కువ."

"నాకు లెక్క వచ్చు," అంది ఓడ్నీ. "ఊరికే అడక్కు. వచ్చి దక్షిణపు గూళ్ళు పీకి ఉత్తరం వైపు కట్టడానికి చెయ్యి వెయ్యి. బాతులు లేచిన తర్వాతే. జులైలో."

"అన్న ఉన్నాడుగా."

"మీ అన్న ఒక్కడే రాళ్ళు మొయ్యలేడు. ఇద్దరు కొడుకుల్నీ తీసుకురా. పాత బట్టలేసుకుని రమ్మను."

ఫోన్ పెట్టేసి, స్వెట్టరు తొడుక్కుని, సాయంత్రపు తనిఖీకి బయల్దేరింది. అరవై మూడో గూట్లో పెట్ట ఇంకా కొత్తది. అది తన రంగుకి అలవాటు పడేదాకా కాసేపు దూరంగానే నిలబడాలి.